పాళీతో పొడిస్తే ఏమవుతుంది?

వచ్చిన ఉత్తరం (కొంచెం కుదించాను):

"అక్కా, నాకు 26 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం, కూకట్‌పల్లిలో హాస్టల్. సెకండ్ షిఫ్ట్ అయ్యాక మెట్రో దిగి హాస్టల్‌కి పన్నెండు నిమిషాలు నడవాలి. మధ్యలో ఒక సందులో లైట్లు ఉండవు. పోయిన నెల ఇద్దరు బండి మీద వెంటపడి పిచ్చి మాటలు అన్నారు. ఏం కాలేదు కానీ అప్పటినుంచి ఆ సందు దగ్గరికి వస్తే కాళ్లు వణుకుతున్నాయి. డాలస్‌లో ఉన్న అన్నయ్య టాక్టికల్ పెన్ అని ఏదో లింకు పంపాడు. నా దగ్గరేమో ఉద్యోగం వచ్చినప్పుడు నాన్న రాజమండ్రిలో కొనిచ్చిన ఎబొనైట్ ఇంకు పెన్ను ఉంది, లావుగా, పొడుగ్గా ఉంటుంది, పాళీ కూడా సూదిగానే ఉంది. దాన్నే పిడికిట్లో పట్టుకుని నడుస్తున్నాను. ఇది చాలా? నిజంగా పొడిస్తే నా మీదే కేసు పెడతారా? ఇంకో చిన్న సంగతి, రూముకి వచ్చి మూత తీస్తే లోపలంతా ఇంకు ఉంటోంది, పెన్ను పాడైందా?"

చెల్లీ, నా ఎడమ అరచేతిలో బొటనవేలి కింద కండ దగ్గర ఆవగింజంత నీలి చుక్క ఒకటి ఉంది. పుట్టుమచ్చ కాదు. ఏడో తరగతిలో పక్క బెంచీ అమ్మాయితో జామెట్రీ బాక్సు కోసం గొడవైంది. నేను కుడిచేత్తో ఆ పిల్ల జడ పట్టుకుని ఎడమచేత్తో బాక్సు లాక్కోబోయాను, తన చేతిలో మూత తీసిన ఇంకు పెన్ను ఉంది, కసికొద్దీ నా అరచేతిలో దింపేసింది. రక్తం, ఇంకు కలిసి కారాయి. అమ్మ పసుపు అద్ది నాలుగు తిట్టింది, డాక్టరుగారు టెటనస్ ఇంజక్షన్ పొడిచారు. చుక్క మాత్రం పచ్చబొట్టులా ఉండిపోయింది, ముప్పై ఏళ్లు దాటినా పోలేదు. పాళీ ఒంట్లో దిగుతుంది, అందులో అనుమానం లేదు. కానీ దిగాక కూడా నేను జడ వదల్లేదు. నొప్పి తెలిసింది టీచరు వచ్చి ఇద్దర్నీ విడదీశాకే. పన్నెండేళ్ల నన్నే ఆపలేకపోయిన పాళీ, తాగి బండి మీద తిరిగే మగాణ్ణి ఆపుతుందని నీకు ఏ నోటితో చెప్పను?

అయినా చిన్ననాటి సంగతి పట్టుకుని సలహా చెప్పకూడదని, నీ ఉత్తరం చదివిన ఆదివారం పెరట్లో ఒక పని చేశాను. గెల కోసేసిన అరటి చెట్టు ఉంటే దాని బోదెకి మా ఆయన పాత జీన్స్ ప్యాంటు కాలు ఒకటి చుట్టాను. డ్రాయరులో మూల పడి ఉన్న చవక స్టీలు పాళీ పెన్ను తీసి మూత విప్పి గట్టిగా పొడిచాను. బట్ట మీద నీలి మచ్చ పడింది, లోపలికి దిగింది ఏమీ లేదు, పాళీ రెండు మొనలూ కత్తెరలా ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. రెండో పోటుకి పాళీ, దాని కిందుండే నల్ల ముక్క రెండూ పెన్ను లోపలికి దూరిపోయాయి, ఇంకు చిమ్మి నా నైటీ మీద పడింది. మా ఆయన కిటికీలోంచి చూస్తున్నాడు, ఏమీ అడగలేదు, పెళ్లయి ఇరవై ఏళ్లయ్యాక అడగడం మానేశాడు. మూడోసారి అదే పెన్నుకి మూత బిగించి, పిడికిట్లో పట్టుకుని, రోకటి పోటులా పైనుంచి కిందికి వేశాను. ఈసారి బట్ట కింద బోదె బొటనవేలు పట్టేంత సొట్ట పోయింది. పెన్నుకి ఏమీ కాలేదు.

నీ ప్రశ్నకి సగం జవాబు ఆ సొట్టలోనే ఉంది.

పాళీ అనేది వంగడానికి చేసిన వస్తువు. పల్చటి రేకుని వంచి, మధ్యలో చీల్చి, చివర గట్టి లోహపు చుక్క అతికిస్తారు. ఆ చీలికలోంచి, కింది ముక్కలోని సన్నటి గాడిలోంచి సిరా తనంతట తాను పాకుతూ వస్తుంది. అక్షరం రాసేటప్పుడు వేసే ఒత్తిడి ఎంత, మనిషిని పొడవడానికి వేసే బలం ఎంత? పైగా రాజమండ్రి తరహా పెన్నుల్లో చాలావాటికి పాళీని మరతో బిగించరు, గొట్టంలోకి గట్టిగా దూర్చి ఉంచుతారు, అంతే. అందుకే కదా కడుక్కోవడానికి చేత్తో లాగితే ఊడొస్తుంది. లాగితే వచ్చేది నెడితే లోపలికి పోదా మరి. ఇక ఎబొనైట్ అంటే గంధకం కలిపి ఉడికించి గట్టిపరచిన రబ్బరు, దాన్ని లేత్ మీద చేత్తో తిప్పి పెన్ను చేస్తారు. పట్టుకుంటే చేతికి హాయిగా ఉంటుంది, చెమట పట్టినా జారదు, కానీ సిమెంటు గచ్చు మీద పడితే మూత అంచు దగ్గర చిట్లే రకం. నీది ఏ షాపు పెన్నో రాయలేదు. రత్నం పెన్నయితే మాత్రం ఒకసారి ఆలోచించు, 1932లో స్వదేశీ పట్టుదలతో మొదలైన పెన్ను అది, 1935లో గాంధీగారు అందుకుని బాగుందని ఉత్తరం రాశారు. ఆయన మెచ్చిన పెన్నుతో నువ్వు పోట్లు పొడుస్తానంటే నాకు నవ్వు ఆగలేదు, ఏమీ అనుకోకు.

ఇంకొకటి, ఇప్పుడే ఆ పెన్ను తీసి మూత విప్పి చూడు. ఎన్ని తిప్పులు పట్టింది? ఎన్ని చేతులు కావాల్సి వచ్చాయి? నా దగ్గరున్న రాజమండ్రి పెన్నుకి మూడు తిప్పులు, రెండు చేతులు. వెలుతురులో, కుర్చీలో కూర్చుని ఇది. కరెంటు పోయినప్పుడు కంగారుగా తలుపు తాళం తీయడానికి తంటాలు పడి ఉంటావు కదా, చెవి కన్నంలో దూరదు, చేతులు మనవి కావు. భయం వేసినప్పుడు వేళ్ల నైపుణ్యం ముందు పోతుంది, మొరటు బలం మాత్రం మిగులుతుంది. మూత తీసి, పాళీ ఎటుందో చూసుకుని, గురిపెట్టి పొడవాలనేది వేళ్ల పని. మూసిన పెన్నుని పిడికిట్లో పట్టుకుని గుద్దడం మొరటు పని. అందుకని, వాడాల్సే వస్తే మూత తీయకు.

మీ అన్నయ్య పంపిన వస్తువు వెనకున్న ఆలోచన కూడా ఇదే. కుబోటాన్ అని ఒకటి ఉంది, తకయుకి కుబోటా అనే జపనీస్ కరాటే గురువు రూపొందించింది, అమెరికాలో 1970లలో పోలీసులకి నేర్పడంతో పేరొచ్చింది. చూడటానికి ఏముండదు, తాళంచెవుల గుత్తికి తగిలించుకునే చిన్న కర్ర, 14 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు మూత పెట్టిన నీ పెన్నంత. దాంతో పొడవరు. నిన్ను పట్టుకున్న చేతి వెనక, వేళ్ల ఎముకల మీద, మణికట్టు ఎముక మీద దాని కొనతో కొడతారు లేదా నొక్కుతారు. ఒకసారి నీ ఎడమచేతి వెనక్కి మూత పెన్నుతో మెల్లగా తట్టి చూసుకో, మెల్లగానే సుమా, ఎముక మీద చర్మం తప్ప ఏమీ లేని చోట ఎంత చురుక్కుమంటుందో తెలుస్తుంది. టాక్టికల్ పెన్ను అంటే దాన్నే గట్టి అల్యూమినియంతో చేసి, ఒక కొసన కారు అద్దం పగలగొట్టే మొన పెట్టి, రీఫిల్ దూర్చింది. ఇంకు పెన్ను రకం కూడా అమ్ముతున్నారు, రాతకి మాత్రం నేనైతే డబ్బు పెట్టను. కొనుక్కోవాలనిపిస్తే కొనుక్కో, తప్పు లేదు. కానీ అది చూడగానే పెన్ను కాదు ఆయుధమే అనిపించేలా ఉంటుంది, అమెరికా విమానాశ్రయాల్లో భద్రత చూసే టీఎస్ఏ వాళ్లు చేతి సామానులో దాన్ని రానివ్వరు. మీ అన్నయ్య దగ్గరికి వెళ్లేటప్పుడు మర్చిపోయి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని బయల్దేరేవు.

నాన్న పెన్ను బదులు ఏదైనా వంద రూపాయల లోహపు పెన్ను, లేదా రెండు చివర్లూ మొద్దుగా ఉన్న లావుపాటి మార్కర్ అయినా ఈ పనికి సరిపోతుంది. పిడికిట్లో పట్టుకుంటే రెండు వైపులా వేలెడంత బయటికి రావాలి. ఎవడైనా చెయ్యి పట్టుకుంటే ముందు అతని పట్టులో బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య ఖాళీ ఎటుందో అటు మణికట్టు తిప్పి ఒక్క ఊపున లాగు, పట్టులో బలహీనమైన చోటు అదే. రాకపోతే రెండో చేత్తో పెన్ను కొనని అతని చేతి వెనక్కి, అరుస్తూ, రెండుమూడుసార్లు వెయ్యి. వదిలిన క్షణం పరుగే. అక్కడ ఆగి ఇంకో దెబ్బ వేయాలని చూడకు. మీ రూమ్మేట్‌ని పట్టుకోమని పదిసార్లు చేసి చూడు, ఆమె చేతికి మందంగా టవల్ చుట్టి మరీ, లేకపోతే స్నేహం చెడుతుంది. నేను ఆరు నెలలు కరాటే నేర్చుకున్నాను, పసుపు బెల్టుతో ఆగిపోయాను. అక్కడ మా మాస్టారు కొట్టించిన దానికంటే అరిపించిందే ఎక్కువ. మొదటి వారం మాలో ఒక్కదానికీ గొంతు లేవలేదు, ఇల్లాళ్లం కదా, పిల్లల మీద తప్ప అరిచిన అలవాటు లేదు.

అయితే అసలు ఇబ్బంది వేరే ఉంది, అది నీ ఉత్తరంలోనే ఉంది. నీ వెంటపడిన వాళ్లు బండి మీద ఉన్నారు. పెన్ను పనిచేయాలంటే వాడు నీ చేతికి అందాలి, అంటే నువ్వూ వాడికి అందాలి. అంత దగ్గరికి వచ్చాక పెన్ను ఉన్నా గెలుపు సగం వాడిదే, అదీ ఒక్కడైతే. ఇద్దరైతే చెప్పక్కర్లేదు. కాబట్టి నీ బుర్ర పెన్ను మీద కాకుండా దూరం మీద పెట్టు. బండి వెనక నుంచి నెమ్మదిగా వస్తోందంటే నువ్వు చటుక్కున వెనక్కి తిరిగి వచ్చిన దారినే నడువు. వాళ్లు బండి తిప్పుకోవాలి, ఇరుకు సందులో అది వెంటనే కాదు, ఆ కాస్త సమయంలో నువ్వు మెయిన్ రోడ్డు మీద మెడికల్ షాపులోనో టిఫిన్ సెంటర్‌లోనో ఉంటావు. షాపువాడికి ఏం చెప్పాలా అని మొహమాటపడకు, "వాళ్లు నా వెంట వస్తున్నారు, రెండు నిమిషాలు ఇక్కడ నిలబడతాను" అని గట్టిగా చెప్పు, పక్కనున్న నలుగురికీ వినపడేట్టు.

పెప్పర్ స్ప్రే కొనుక్కో. మన దగ్గర లైసెన్సు అక్కర్లేదు, ఆరేడు అడుగుల దూరం నుంచి పనిచేస్తుంది, పెన్నుతో కుదరనిది అదే కదా. డబ్బా మీద ఎక్స్‌పైరీ చూసుకో. కొన్నాక ఒకసారి మేడ మీద, గాలి ఎటు వీస్తోందో చూసి, అటువైపే కొట్టి చూడు, ఎదురుగాలికి కొడితే ఏడిచేది నువ్వే. ఆటోలో, లిఫ్టులో కూడా అంతే. ఇక అది బ్యాగు అడుగున టిఫిన్ డబ్బా కింద ఉంటే లేనట్టే. మెట్రో మెట్లు దిగేటప్పుడే చేతిలోకి తీసుకో, ఇన్నాళ్లూ పెన్ను పట్టుకున్న చేతిలోకి. రెండో చేతిలో ఫోన్ వద్దు, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ అసలే వద్దు. ఫోన్‌లో ఎమర్జెన్సీ సెట్టింగ్ ఉంటుంది, పవర్ బటన్ వరసగా నొక్కితే 112కి పోతుంది, మూడుసార్లా ఐదుసార్లా అనేది ఫోన్‌ని బట్టి మారుతుంది, నీదాంట్లో ఎలా ఉందో ఇవాళే చూసుకో.

ఆ ఇద్దరి సంగతి పోలీసుల షీ టీమ్స్‌కి చెప్పావా? చెప్పలేదనే అనుకుంటున్నాను, చెప్పి ఉంటే రాసేదానివి. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో మొదలైనవి ఇలాంటి వాటి కోసమే, మఫ్టీలో వచ్చి ఆ సందులో నిలబడతారు. "ఏం కాలేదు" అని రాశావు. వెంటపడి అసభ్యంగా మాట్లాడటం ఏం కాకపోవడం కాదు, కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితలో 75, 79 సెక్షన్ల కింద నేరం. బండి నంబరు గుర్తులేకపోయినా తేదీ, టైమ్, సందు పేరు చాలు. లైట్లు లేని స్తంభాలకి నంబర్లు ఉంటాయి, అవి ఫొటో తీసి మున్సిపల్ వాళ్లకి పెట్టు, హాస్టల్‌లో ఇంకో పదిమంది చేత కూడా పెట్టించు, ఒక్కరు పెడితే కదలరు. మీ హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టు, నోటిమాటగా కాదు, మెయిలే. ఆడవాళ్లని రాత్రి షిఫ్టులో పెట్టుకునే కంపెనీలకి ఇంటిదాకా బండి ఏర్పాటు చేయాలని ప్రభుత్వం షరతు పెడుతుంది. నువ్వు మెట్రోలో వస్తున్నావంటే ఎవరో ఆ ఖర్చు మిగుల్చుకుంటున్నారేమో అడుగు.

కేసు సంగతి. ఆత్మరక్షణ హక్కు గురించి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఉన్నాయి, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది ఈ చట్టం, పాత ఐపీసీలో 96 నుంచి 106 దాకా ఉన్నవే ఇవి. వాడు నీ మీద చెయ్యి వేసేదాకా ఆగక్కర్లేదు, నిజంగా ప్రమాదం ఉందని నమ్మడానికి కారణం కనపడిన క్షణం నుంచి నీకు హక్కు మొదలవుతుంది, ఆ భయం ఉన్నంతసేపూ ఉంటుంది. భయం పోయాక ఉండదు. అంటే వాడు వదిలేసి పారిపోతుంటే వెంటపడి వీపులో గుచ్చితే అది ఆత్మరక్షణ కాదు. అవసరానికి మించి గాయపరచకూడదనీ ఉంది. అలాగని తక్కెడ పట్టుకుని దెబ్బలు తూచుకోమని ఎవరూ అనరు, ప్రాణభయంలో ఉన్న మనిషి లెక్క కట్టి కొట్టలేడన్న మాట సుప్రీంకోర్టు 2010లో దర్శన్ సింగ్ కేసులో స్పష్టంగానే చెప్పింది. చంపుతాడనో, అత్యాచారం చేస్తాడనో, ఎత్తుకుపోతాడనో, యాసిడ్ పోస్తాడనో గట్టి భయం ఉన్నప్పుడు ఎదుటివాడి ప్రాణం పోయినా హక్కు నీ వైపే ఉంటుంది. కానీ బస్సులో ఎవడో ఒకసారి భుజం తగిలించాడని మొహం మీద పాళీ దించితే కథ మారుతుంది. కన్ను పోతే అది చట్టం లెక్కలో తీవ్రగాయం, పొడవడానికి వాడిన వస్తువు పెన్నే అయినా 118 సెక్షన్‌లో ప్రమాదకర ఆయుధం కింద లాగొచ్చు. కళ్లలో పొడువు, గొంతులో పొడువు అని వీడియోల్లో ఈజీగా చెబుతారు, స్టేషన్‌కి నీతో పాటు వాళ్లు రారు. కొట్టాల్సి వస్తే కొట్టి, తప్పించుకుని, వెంటనే నువ్వే 112కి ఫోన్ చెయ్యి. ముందు నువ్వు చెబితే నీ ఫిర్యాదు, వాడు ఆసుపత్రి నుంచి చెబితే వాడి ఫిర్యాదు. రక్తం అంటుకుంటే డాక్టర్‌కి చూపించుకోవడం మర్చిపోకు.

ఇక ఇంకు కారడం. పెన్ను పాడవలేదు చెల్లీ. డ్రాపర్‌తో గొట్టంలోకే సిరా నింపుకునే పెన్ను కదా, సిరా సగానికి తగ్గాక మిగతా చోటంతా గాలి ఉంటుంది, ఆ గాలికి వేడి తగిలితే ఉబ్బి సిరాని పాళీ వైపు తోస్తుంది. నువ్వేమో రోజూ పన్నెండు నిమిషాలు, చెమట పట్టిన పిడికిట్లో, ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నట్టు దాన్ని బిగించి గబగబా నడుస్తున్నావు. మూత నిండా కారక ఏం చేస్తుంది పాపం. స్ప్రే చేతిలోకి వచ్చి పెన్ను బ్యాగులోకి పోతే సగం తగ్గిపోతుంది. బ్యాగులో పాళీ పైకి ఉండేట్టు నిలబెట్టు, సిరా సగం కాకముందే మళ్లీ నింపు, గొట్టం మర దగ్గర కొంచెం సిలికాన్ గ్రీజు రాయి, వాజిలీన్ వద్దు. మూతలో పేరుకున్న ఇంకుని చన్నీళ్లతో కడుగు. వేడినీళ్లు పోశావంటే నల్లటి ఎబొనైట్ గోధుమరంగుకి తిరుగుతుంది, మళ్లీ ఆ నిగనిగ రాదు.